రెండో జత గ్లవ్స్: ఆసుపత్రిలో హెచ్‌ఐవీ వివక్షను శిక్షణ ఎక్కడ పట్టుకోవాలి

హెచ్‌ఐవీ ఎలా సోకుతుందని అడిగితే మూడో ఏడాది వైద్య విద్యార్థులు తడుముకోరు. రక్తం ద్వారా, లైంగిక సంపర్కం ద్వారా, తల్లి నుంచి బిడ్డకు, ఒకరు వాడిన సూది మరొకరు వాడితే. తాకితే రాదు, దగ్గితే రాదు, ఒకే గ్లాసులో తాగితే రాదు. జవాబు పత్రంలో ఒక్క మార్కు పోదు. అదే విద్యార్థి వార్డుకు వచ్చి, కేస్‌షీట్‌లో పాజిటివ్ అన్న మాట చూశాక, నాడి పట్టుకోవడానికి గ్లవ్స్ వెతుక్కుంటాడు. రక్తం తీయాల్సి వస్తే ఒక జత మీద రెండో జత తొడుగుతాడు. పరీక్షలో రాసిందీ నిజమే, వార్డులో పుట్టిన భయమూ నిజమే. వివక్షను తగ్గించే శిక్షణకు అసలు పని ఈ రెంటి నడుమే ఉంది. చాలా శిక్షణలు మాత్రం విద్యార్థికి ముందే తెలిసిన సగాన్ని మరోసారి చెప్పి, సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపేస్తాయి.

ఆసుపత్రిలో వివక్ష గొంతు పెంచి తిట్టే రూపంలో కనిపించడం అరుదు. అది పద్ధతిలా, జాగ్రత్తలా కనిపిస్తుంది. ఆపరేషన్ల జాబితాలో హెచ్‌ఐవీ ఉన్నవారి పేరు ఎప్పుడూ చివరికే జారుతుంది. థియేటర్ కడుక్కోవాలి కదా అంటారు. ఏ ఇద్దరు రోగుల మధ్యనైనా చేయాల్సిన శుభ్రత ఒకటే అయినప్పుడు ఆ కారణం నిలవదు. ఫైలు అట్ట మీద ఎర్ర సిరాతో గుర్తు పడుతుంది. ఇక్కడ సౌకర్యం లేదంటూ పెద్దాసుపత్రికి రాసిస్తారు, లేని ఆ సౌకర్యమేమిటో మాత్రం రాయరు. ఆపరేషన్‌కు ముందు అడగకుండానే పరీక్ష చేసేస్తారు, ఫలితం రోగికన్నా ముందు బంధువుల చెవిన పడుతుంది. ఇందులో ఏదీ చేసినవారికి తప్పుగా తోచదు. అందుకే ‘మీరు వివక్ష చూపుతారా’ అని అడిగితే గదిలోని అందరూ లేదనే అంటారు, చాలామంది మనస్ఫూర్తిగానే అంటారు.

దీని నష్టం రోగి మనసు నొచ్చుకోవడంతో ఆగదు. ఒకసారి అవమానం ఎదురైనవారు మరోసారి పంటి వైద్యుడి దగ్గరకో ప్రసూతి విభాగానికో వెళ్లినప్పుడు తమ స్థితిని దాచిపెడతారు. మందుల కోసం ఊరు దాటి వెళతారు, కొన్నాళ్లకు మానేస్తారు. మానేస్తే రక్తంలో వైరస్ మళ్లీ పెరుగుతుంది. భయపడి దూరం పెట్టిన సిబ్బందే ఈ విధంగా తమకున్న ప్రమాదాన్ని పెంచుకుంటున్నారు.

తెలుగులో ఈ సమస్యకు మరో ముడి ఉంది. అంటువ్యాధిలోని అంటూ, అంటరానితనంలోని అంటూ ఒక్కటే మాట. సూక్ష్మజీవి అంటిందన్నా మైల అంటిందన్నా మనం వాడే క్రియ అదే. లైంగికంగా సోకే జబ్బులను సుఖవ్యాధులు అన్నప్పుడు, సుఖపడ్డావు కాబట్టి అనుభవించు అనే తీర్పు ఆ పేరులోనే దాగి ఉంటుంది. పత్రికల్లో ఇప్పటికీ కనిపించే ‘ఎయిడ్స్ రోగి’ చాలాసార్లు శాస్త్రపరంగానే తప్పు. వైరస్ ఉండటం వేరు, రోగనిరోధక శక్తి బాగా పడిపోయిన ఎయిడ్స్ దశ వేరు. ‘ఏ పాపం తెలియని బాధితులు’ అని పిల్లల గురించి రాసినప్పుడు, మిగతావాళ్లకు ఏదో పాపం తెలుసన్నమాటేగా. శిక్షణలో ఈ మాటల మీద ఒక అరగంట పెట్టడం వృథా కాదు. హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారు అనే పలుకుబడి మొదట కృతకంగా అనిపిస్తుంది, వారం వాడితే నోటికి అలవాటవుతుంది. అయితే మాటలతోనే మొదలుపెట్టకూడదు. భయం తీరకుండా మాట మార్పిస్తే మర్యాదైన మాటతో అదే వివక్ష సాగుతుంది.

వైద్య సిబ్బందిలో వివక్షను కొలవడానికి 2013లో వెలువడిన ఒక సంక్షిప్త ప్రశ్నావళిని చైనా, కెన్యా, ఈజిప్టు వంటి ఆరు చోట్ల పరీక్షించి రూపొందించారు. దాని వెనకున్న అవగాహన తేలికైనది, పనికొచ్చేది. వివక్షకు చేయి పెట్టి మార్చగల మూలాలు మూడు. తాను చేస్తున్నది వివక్ష అని, దానివల్ల హాని ఉందని తెలియకపోవడం ఒకటి. మామూలు స్పర్శతోనో మామూలు పనితోనో సోకుతుందన్న భయం రెండోది. హెచ్‌ఐవీ తప్పుడు నడతకు శిక్ష అనే నమ్మకం మూడోది. వీటి చుట్టూ ఆసుపత్రి వాతావరణం ఉంటుంది: రక్షణ సామగ్రి ఉందా, రాతపూర్వక విధానం ఉందా, దాన్ని అతిక్రమిస్తే ఎవరైనా అడుగుతారా. ఈ మూడింటినీ ఒకే గంట ఉపన్యాసంలో కలిపి కొడితే ఒక్కటీ కదలదు.

భయంతోనే మొదలుపెట్టాలి. అది సిబ్బంది సొంత సమస్య కాబట్టి వింటారు. ఇక్కడ ‘భయపడకండి’ అనే మాట పనిచేయదు, అంకెలు పనిచేస్తాయి. హెచ్‌ఐవీ ఉన్న రక్తంతో కూడిన సూది గుచ్చుకుంటే, నివారణ మందులేమీ వాడకపోయినా, సోకే అవకాశం సుమారు 0.3 శాతం, అంటే వెయ్యి గుచ్చుళ్లకు మూడు. రక్తం కంట్లోనో నోట్లోనో చిందితే 0.09 శాతం. గాయం లేని చర్మం మీద పడితే లెక్కలోకి తీసుకోదగ్గ ప్రమాదం లేదు. చెమట, కన్నీరు, ఉమ్మి, మూత్రం, వాంతి వంటివి రక్తం కలిసి కనిపిస్తే తప్ప సోకించేవి కావు. వీటి పక్కనే హెపటైటిస్ బీ అంకె పెట్టాలి: టీకా వేసుకోనివారికి ఒక్క గుచ్చుతో 6 నుంచి 30 శాతం. ఆ వెంటనే, ఆ టీకా మూడు డోసులూ పూర్తి చేసినవాళ్లు చేతులెత్తమనాలి. హెచ్‌ఐవీకి వణికే గదిలో ఎత్తని చేతులు కొన్ని ఉంటాయి. భయం ప్రమాదాన్ని బట్టి రావడం లేదని ఎవరూ వేలెత్తి చూపకుండానే అర్థమవుతుంది.

అమెరికాలో 1985 నుంచి 2013 వరకు వృత్తిలో భాగంగా హెచ్‌ఐవీ సోకినట్టు నిర్ధారణ అయిన ఆరోగ్య సిబ్బంది 58 మంది. 1999 తర్వాత నిర్ధారణ అయినది ఒక్కటే, అదీ ప్రయోగశాలలో బతికున్న వైరస్‌తో పనిచేస్తుండగా సూది గుచ్చుకున్న సాంకేతిక నిపుణుడిది. ప్రమాదం సున్నా కాదు, కానీ దాని జాడ సూది దగ్గరే ఉంది, దుప్పటి దగ్గర కాదు. సూదుల్లోనూ అన్నీ ఒకటి కాదు. సోకినవారినీ సోకనివారినీ పోల్చి చూసిన (కేస్-కంట్రోల్) 1997 నాటి ఒక అధ్యయనం ప్రకారం లోతైన గాయం, సూది మీద కంటికి కనిపించే రక్తం, రోగి రక్తనాళంలో నేరుగా దిగిన సూది, వ్యాధి చివరి దశలో ఉన్న రోగి అనేవి ముప్పును పెంచాయి. గుచ్చుకున్నాక జిడోవుడిన్ అనే హెచ్‌ఐవీ మందు వాడినవారిలో సోకే అవకాశం సుమారు 81 శాతం తగ్గింది.

ఈ అంకెల నుంచి గ్లవ్స్ విషయానికి రావాలి. ఎవరిలో ఏముందో తెలియదు కాబట్టి అందరి రక్తాన్నీ ఒకే జాగ్రత్తతో ముట్టాలనే సార్వత్రిక జాగ్రత్తల సూత్రం 1980ల నడిమికే వచ్చింది. 1996లో అదే ప్రామాణిక జాగ్రత్తలుగా విస్తరించింది. పాజిటివ్ అని తెలిసినవారికి మాత్రమే అదనపు తొడుగు వేసుకోవడం ఈ సూత్రాన్ని తలకిందులు చేయడమే. తెలిసినవారు సాధారణంగా మందులు వాడుతుంటారు, వారి రక్తంలో వైరస్ అణిగి ఉంటుంది. ఈమధ్యనే సోకి, ఇంకా పరీక్షలో కూడా బయటపడని మనిషి రక్తంలో వైరస్ అత్యధికంగా ఉంటుంది. ఆ మనిషి కేస్‌షీట్ మీద ఏ గుర్తూ ఉండదు. ఎర్ర సిరా చూసి జాగ్రత్తపడేవాళ్లు ప్రమాదం తక్కువున్న చోట రెండు జతలు, ఎక్కువున్న చోట ఒట్టి చేతులు వాడుతున్నారన్నమాట. ఈ ఒక్క తర్కం నైతిక బోధ మొత్తం కన్నా ఎక్కువ మందిని కదిలిస్తుంది. రెండు జతలు తప్పని కాదు. శస్త్రచికిత్సలో అది మంచి అలవాటే, అందరికీ వేసుకుంటే.

దీన్ని చెప్పడం కన్నా చేయించడం మేలు. ఇరవై కార్డులు తయారుచేసి ఒక్కోదాని మీద ఒక పని రాయాలి: జ్వరం చూడటం, పక్క దుప్పటి మార్చడం, రక్తం తీయడం, భోజనం పళ్లెం తీయడం, కట్టు మార్చడం, కాన్పు చేయడం, చనిపోయినవారి దేహాన్ని శుభ్రం చేయడం వంటివి. బల్ల మీద మూడు గుంపులు: ఒట్టి చేతులు, గ్లవ్స్, గ్లవ్స్‌తో పాటు కళ్లద్దాలూ గౌనూ. నలుగురైదుగురున్న జట్టు రోగి గురించి ఏమీ తెలియదనుకుని కార్డులు పేర్చాలి. ఫొటో తీసి, కార్డులు మళ్లీ కలిపి, ఈసారి రోగికి హెచ్‌ఐవీ ఉందని చెప్పి పేర్పించాలి. చోటు మారిన ప్రతి కార్డు దగ్గరా ఆగి ఒక్కటే అడగాలి: ఈ పనిలో ఏ ద్రవం, ఎంత, ఏ దారిలో మీ రక్తంలోకి వెళుతుంది? వైరస్ బతికున్న స్థితిలో ఉండాలి, చాలినంత ఉండాలి, లోపలికి దారి ఉండాలి. మూడింటిలో ఒకటి లేకపోయినా సోకదు. దుప్పటి కార్డు దగ్గర మొదట వాదన జరుగుతుంది. రక్తపు మరక ఉంటే గ్లవ్స్, లేకపోతే అక్కర్లేదు అనే తీర్పుకు జట్టే వస్తుంది. మొదటి పేర్పులోనే మార్చాల్సిన కార్డులూ బయటపడతాయి. కాన్పుకు గ్లవ్స్ మాత్రమే చాలనుకున్నవారు అందరి విషయంలోనూ కళ్లను గాలికొదిలేశారు. శిక్షకులు ఇక్కడ తొందరపడి సరైన జవాబు చెప్పేస్తే అభ్యాసం చచ్చిపోతుంది.

గదిలో ఇంత చేశాక, సూది గుచ్చుకున్న రాత్రి రెండు గంటలకు నివారణ మందు దొరక్కపోతే అంతా గాలికిపోతుంది. అందుకే శిక్షణలో ఆ దారిని కాళ్లతో నడిపించాలి. గుచ్చుకున్న చోట సబ్బు, నీళ్లతో కడగాలి, పిండకూడదు, బ్లీచింగ్ లాంటి ఘాటు ద్రవాలు పోయకూడదు. కంట్లో పడితే మంచినీళ్లతో బాగా కడగాలి. ఎవరికి చెప్పాలి, ఏ అలమరాలో మందుంది, తాళం ఎవరి దగ్గర? మందు ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది, 72 గంటలు దాటితే లాభం ఉండదు, 28 రోజులు ఆపకుండా వాడాలి. మొదటిరోజు పరీక్ష, తర్వాత ఆరు వారాలకు, మూడు నెలలకు. ఈ గొలుసులో ఎక్కువగా తప్పేది ఎవరికైనా చెప్పడమనే అడుగే. చెబితే తననే అనుమానిస్తారని సిబ్బంది దాచుకుంటారు. రోగి మీద చూపే వివక్షే సాటి ఉద్యోగి మీదికీ తిరుగుతుందని తెలిసి దాచుకుంటారు. మేనేజ్‌మెంట్ ఈ విషయంలో రాతపూర్వకంగా గోప్యత హామీ ఇవ్వకుండా శిక్షణ పెట్టించడం డబ్బు దండగ. సూదులు వేసే డబ్బా ముప్పావు వంతు నిండగానే మారుస్తున్నారా, వాడిన సూదికి మళ్లీ క్యాప్ పెట్టే అలవాటు పోయిందా అన్నవి కూడా వివక్ష శిక్షణలో భాగమే.

చికిత్స గురించి కొత్త విషయం చాలామంది సీనియర్లకు చేరలేదు. క్రమం తప్పకుండా మందు వాడుతూ రక్తంలో వైరస్ కనిపించనంతగా తగ్గినవారి నుంచి లైంగికంగా హెచ్‌ఐవీ సోకదు. ముందుగా మందులు మొదలుపెడితే, ఒకరికే హెచ్‌ఐవీ ఉన్న జంటలో రెండోవారికి సోకడం 96 శాతం తగ్గిందని 2011లో హెచ్‌పీటీఎన్ 052 అధ్యయనం చూపింది. అలాంటి జంటలనే పరిశీలించిన పార్ట్‌నర్ అధ్యయనం రెండో దశ ఫలితాలు 2019లో వచ్చాయి. స్వలింగ సంపర్కులైన పురుషుల జంటల్లో కండోమ్ లేకుండా సుమారు 76 వేల సార్లు జరిగిన సంపర్కంలో, చికిత్సలో ఉన్న భాగస్వామి నుంచి ఒక్కరికీ సోకలేదు. ఇక్కడ శిక్షకులు జాగ్రత్తగా మాట్లాడాలి. ఈ సున్నా లైంగిక సంపర్కానికి నిరూపితం. సూది గుచ్చుళ్లకు అదే సున్నా అని చెప్పకూడదు, నివారణ మందు గురించి అప్పుడూ నిర్ణయం తీసుకోవాల్సిందే. తల్లి మందు వాడుతుంటే చనుబాల ద్వారా బిడ్డకు సోకే ముప్పు బాగా తగ్గుతుంది కానీ సున్నా అనరు. ఒకచోట అతిగా చెబితే, గదిలో ఎవరో ఒకరు దాన్ని పట్టుకుంటారు, మిగతా అంతా అనుమానంలో పడుతుంది.

మూడో మూలమైన నీతి తీర్పు భయంలా అంకెలకు లొంగదు. దాని జాడ ఒక ప్రశ్నలో దొరుకుతుంది: ‘ఎలా వచ్చింది?’ చికిత్స నిర్ణయానికి ఆ జవాబు అవసరమైన సందర్భాలు కొన్ని ఉన్నాయి, పడక పక్కన నిలబడిన ఐదుగురికీ అవసరమైనది ఒక్కటీ లేదు. ఇందుకు పనికొచ్చే అభ్యాసం ఒకటి ఉంది. కొందరి పరిచయాలు రెండేసి వాక్యాల్లో ఇచ్చి, ఒక్కటే ఖాళీ పడకుంటే ఎవరికిస్తారో ఒంటరిగా రాయమనాలి. పేర్లు లేని ఆ చీటీలు కలిపి లెక్కపెట్టి బోర్డు మీద రాస్తే చాలు. రక్తమార్పిడితో సోకిన గృహిణి ముందుంటుంది, మాదకద్రవ్యాలు ఎక్కించుకునే యువకుడూ సెక్స్ వర్కరూ కిందికి పోతారు. వారి జబ్బు తీవ్రత గురించి మాత్రం ఎవరూ అడిగి ఉండరు. చర్చలో నమ్మకాలు మార్చుకోమని అడగడం పొరపాటు. గదిలో సగం మంది అక్కడే తలుపు మూసుకుంటారు. నమ్మకం మీది, వైద్యం క్రమం మాత్రం జబ్బుది అనే గీత దగ్గర ఆగితే ముందుకు పోవచ్చు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల మీదా సెక్స్ వర్కర్ల మీదా ఉండే చిన్నచూపు హెచ్‌ఐవీ మీద చూపుతో పెనవేసుకుని ఉంటుంది. దానికి విడిగా సమయం కేటాయించకపోతే చర్చ హెచ్‌ఐవీ దగ్గర సాఫీగా సాగి, అక్కడికొచ్చేసరికి నవ్వుల్లో ముగుస్తుంది.

హెచ్‌ఐవీతో జీవిస్తున్న వ్యక్తిని శిక్షణకు పిలవడం అన్నింటికన్నా బలమైన సాధనం, అన్నింటికన్నా తేలిగ్గా చెడగొట్టేదీ అదే. చివరి పావుగంటలో ఆయన్ని నిలబెట్టి కన్నీటి కథ చెప్పించి చప్పట్లు కొడితే, జాలి పెరుగుతుంది కానీ దూరం తగ్గదు. సమాన హోదా, ఉమ్మడి పని, సంస్థ మద్దతు ఉన్నప్పుడే పరిచయం పక్షపాతాన్ని కరిగిస్తుందని మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే వివరించాడు. కాబట్టి ఆ వ్యక్తి సహశిక్షకుడిగా మొదటి గంట నుంచే ఉండాలి. కార్డుల అభ్యాసాన్ని తనే నడపాలి. మిగతా శిక్షకులకు ఇచ్చే పారితోషికమే ఇవ్వాలి. ఏ ప్రశ్నలకు జవాబు చెప్పనో ముందే నిర్ణయించుకుని ఉండాలి, ‘ఎలా వచ్చింది’ తప్పకుండా ఆ జాబితాలో ఉండాలి. ఫొటోలు తీయకూడదు. ఇంకో తప్పు, భయపెట్టి బుద్ధి చెప్పాలని చివరి దశ రోగుల చిత్రాలను తెర మీద వేయడం. 1996 తర్వాత, కొన్ని మందులు కలిపి ఇచ్చే చికిత్సతో మారిపోయిన జబ్బును పాత చిత్రాలతో పరిచయం చేస్తే, ఏ భయాన్ని పోగొట్టాలనుకున్నారో దాన్నే తిరిగి నాటినట్టవుతుంది.

శిక్షణ ఎవరికి అన్న ప్రశ్నకు సాధారణంగా వచ్చే జవాబు వైద్యులు, నర్సులు. రోగి మొదట కలిసేది రిజిస్ట్రేషన్ గుమాస్తాను, ఎక్కువసేపు చూసేది ఆయాను. గోప్యత ఎక్కువగా పోయేదీ వైద్యుడి నోటి నుంచి కాదు, మూడు బల్లల మీదుగా తెరిచి తిరిగే ఫైలు నుంచి. ఘానాలో చేపట్టిన పద్ధతి అందుకే ఆసుపత్రి మొత్తాన్ని ఒక యూనిట్‌గా తీసుకుని, కాపలాదారు నుంచి అధిపతి వరకు అందరినీ కలుపుకుంది. మొదటి విడత కూర్చోబెట్టేటప్పుడు మాత్రం హోదాల వారీగా విడగొట్టడం మేలు. ప్రొఫెసర్ ఎదుట పారిశుద్ధ్య కార్మికురాలు తన భయం చెప్పదు, నిజానికి వాడిన సూదులు ఆమెకే ఎక్కువ గుచ్చుకుంటాయి, చెత్త సంచిలోంచి. రెండో విడతలో అందరినీ కలపాలి. గుంపుకు ఇరవై మంది, ఇద్దరు శిక్షకులు, రెండున్నర గంటల చొప్పున వారానికొకటిగా మూడు విడతలు పెడితే ఒకే రోజు ఎనిమిది గంటలు కూర్చోబెట్టిన దానికన్నా మెరుగు. నడుమ వారాల్లో వాళ్లు తమ వార్డును కొత్త కళ్లతో చూసి వస్తారు.

చైనాలో 40 జిల్లాస్థాయి ఆసుపత్రుల్లో 1,760 మంది సిబ్బందితో చేసి 2013లో ప్రచురించిన ప్రయోగం మరో దారి చూపింది. అందరికీ పాఠం చెప్పకుండా, తోటివాళ్లు ఎవరి మాట వింటారో వారిని ఎంచి శిక్షణ ఇచ్చారు. వాళ్లు మామూలు కబుర్లలోనే ఆ విషయాన్ని మిగతావాళ్లకు చేర్చారు. ఆసుపత్రులకు రక్షణ సామగ్రినీ అందించారు. ఆరు నెలలకు కనిపించిన మార్పు ఏడాదికీ నిలిచింది. తోటివాళ్లు మాట వినే మనిషి పదవి ఉన్నవాడే కానక్కర్లేదు. వార్డులో రాత్రి డ్యూటీ పట్టికలు సర్దే సీనియర్ నర్సు చాలాసార్లు విభాగాధిపతి కన్నా ఎక్కువ మార్చగలదు.

విద్యార్థుల విషయంలో చిక్కు వేరు. తరగతిలో నేర్పినదాన్ని వార్డు చెరిపేస్తుంది. రౌండ్స్‌లో సీనియర్ గొంతు తగ్గించి ‘ఈయన రెట్రో పాజిటివ్ (హెచ్‌ఐవీ ఉందనడానికి వార్డు మాట), దూరంగా నిలబడండి’ అన్నాక పాఠ్యపుస్తకం ఓడిపోతుంది. సిలబస్‌లో కనపడని ఈ పాఠాన్ని తట్టుకోవాలంటే శిక్షణ రెండుసార్లు ఉండాలి, క్లినికల్ పోస్టింగుకు ముందోసారి, మొదలైన రెండు మూడు నెలలకు మరోసారి. రెండోసారి పాఠం అక్కర్లేదు. వార్డులో చూసినవి పేర్లు లేకుండా చెప్పించి, అలాంటప్పుడు కింది స్థాయిలో ఉన్నవాళ్లు అనగల మాటలు సాధన చేయించాలి. ‘సార్, మీరు చేసింది తప్పు’ అని ఏ విద్యార్థీ అనలేడు. ‘సార్, ఈ పేషెంటుకి నేను డ్రెసింగ్ చేస్తాను’ అనగలడు. పరీక్షలో లేనిదాన్ని విద్యార్థి నేర్చుకోడు కాబట్టి ప్రాక్టికల్స్‌లో ఒక స్టేషన్ దీనికే పెట్టాలి: హెచ్‌ఐవీ పరీక్షకు సమ్మతి అడగడం, లేదా ఫలితం చెప్పడం. తలుపు మూశాడా, బంధువును బయట కూర్చోమన్నాడా, సమాచారం చెప్పాక ‘వద్దు’ అనే అవకాశం ఇచ్చాడా, చికిత్సతో మామూలు ఆయుష్షు సాధ్యమని చెప్పాడా, అవసరం లేని ‘ఎలా’ అడిగాడా. ప్రతిదానికీ మార్కు ఉండాలి, చివరిదానికి మార్కు తీసేయాలి.

శిక్షణ ముగిసిన రోజు సాయంత్రం పెట్టే ప్రశ్నపత్రం దాదాపు ఏమీ చెప్పదు. ఏం రాస్తే శిక్షకులు సంతోషిస్తారో అప్పటికి అందరికీ తెలుసు. పేరు లేని ప్రశ్నావళి ముందోసారి, మూడు నెలలకు, ఆరు నెలలకు పెట్టాలి. అందులో ‘మీరు ఏం చేస్తారు’ అన్నదానితో పాటు ‘గత నెలలో మీ వార్డులో ఏం జరగడం చూశారు’ అనీ అడగాలి. తన గురించి దాచేవారు పక్కవారి గురించి నిజమే చెబుతారు. మొదటి నెలల్లో ఈ రెండో ప్రశ్నకు ‘చూశాం’ అనే జవాబులు పెరిగితే శిక్షణ విఫలమైందని కంగారుపడనక్కర్లేదు. వివక్ష పెరగలేదు, ఇంతకాలం కనపడనిది కనపడుతోంది. దానికి తోడు కాగితాలు చూడాలి. ఆపరేషన్ జాబితాలో హెచ్‌ఐవీ ఉన్నవారు ఎన్నోవారు, నిర్ణయానికీ ఆపరేషన్‌కూ మధ్య మిగతావారికన్నా ఎన్ని రోజులు ఎక్కువ పట్టింది, బయటికి రాసిన రిఫరల్స్‌లో కారణం ఉందా, సమ్మతి పత్రం లేని పరీక్షలెన్ని, సూది గుచ్చుళ్ల ఫిర్యాదులు ఎన్ని నమోదయ్యాయి. ఈ చివరి అంకె మొదట పెరగాలి. ఫైళ్ల అట్టలను నెలకోసారి తిప్పి చూడాలి. ఎర్ర సిరా ఆగిపోయిన చోట మూలన చిన్న నక్షత్రం గుర్తో, పెన్సిల్ గీతో మొదలై ఉండవచ్చు.